బొమ్మల కార్డులో ముసాఫిర్ బంగళా

పాల్వంచ నుంచి భద్రాచలం వెళ్ళే దారికి కాస్త లోపలగా ఉండేది మా ఊరు. ఊరి వెనకాలే అడవి మొదలయ్యేది. బస్టాండుకు ఎదురుగా మా ఆయన ఫోటో స్టూడియో నడిపేవాడు. రెండువేల సంవత్సరం దాటి ఇంకా ఎంతో కాలం కాలేదు. పెళ్ళిళ్ళకు వీడియోలు వచ్చేశాయి, కలర్ ఫోటోలకు జనం పాల్వంచ బస్సెక్కేవాళ్ళు. మాకు మిగిలింది రేషన్ కార్డు ఫోటోలు, హాల్ టికెట్ ఫోటోలు, బళ్ళో గ్రూపు ఫోటోలు. ముందు గదిలో నీలం పరదా, దాని ముందు ఒక స్టూలు. వెనక చీకటి గది. పగలంతా అంగన్‌వాడీలో పిల్లలతో ఉండి సాయంత్రం వచ్చి ఫోటోల అంచులు కత్తిరించడం నా పని.

ఒకసారి మా అక్క కూతురి పుట్టువెంట్రుకలు తీయించడానికి భద్రాచలం వెళ్ళాం. గుడి కింది సందులో పటాలు, పూసలు అమ్మే ఒక పాత దుకాణం ఉంది. ఆ దుకాణం పెద్దాయన సామాను సర్దుతున్నాడు. కొడుకు దాన్ని సెల్‌ఫోన్ల షాపు చేస్తున్నాడట. మా ఆయన మెడలో కెమెరా చూసి, చిత్తు కాగితాల్లోంచి ఒక కట్ట తీసి చేతిలో పెట్టాడు.

"మా నాన్నగారు అచ్చు వేయించిన బొమ్మల కార్డులు నాయనా. ఎలకలు కొట్టేస్తున్నాయి. మీ ఫోటోలవాళ్ళకైతే పనికొస్తాయి, తీసుకెళ్ళు" అన్నాడు.

గోదావరి మీద వంతెన కట్టక ముందటి కార్డులవి. యాత్రికులు కొనుక్కుని ఇంటికి ఉత్తరం రాసుకునేవాళ్ళట. ఏటి మెట్లు, పడవల రేవు, పర్ణశాల దారి. వాటి మధ్యలో మా ఊరివి కొన్ని కనిపించేసరికి ఇద్దరం సందులోనే నిలబడిపోయాం. అవతలి ఒడ్డుకు చేరేదాకా యాత్రికులకు మజిలీ మా ఊరేనని వినడమే గాని, మా ఊరిని కూడా ఎవరో బొమ్మ తీసి అమ్మారంటే నమ్మబుద్ధి కాలేదు.

ఒక కార్డులో బజారు ఉంది. రెండు వైపులా పెంకుటిళ్ళు, టేకు స్తంభాలు, ఎత్తు అరుగులు. ఒక అరుగు మీద ఎవరో తల దువ్వించుకుంటున్నారు. ఇంకో కార్డులో ముసాఫిర్ బంగళా. నిజాం కాలంలో బాటసారుల కోసం కట్టింది. వరుసగా కమానులు, ముందు గులాబీ మొక్కలు, ఒక దీప స్తంభం, మెట్ల మీద తలపాగా పెట్టుకున్న మనిషి. నలుపు తెలుపు బొమ్మకు ఎవరో చేత్తో రంగులద్దారు. ఆకాశం గులాబీ రంగులో ఉంది, గులాబీలు మాత్రం పచ్చగా ఉన్నాయి.

ఆ రోజు నుంచి మా ఆయనకు వేరే ధ్యాస లేదు. భూతద్దం పట్టుకుని కార్డుల మీద వంగి కూచునేవాడు.

"ఈ ఊర్లనే పుట్టిన, ఈ ఊరును ఎన్నడు సూడలే" అన్నాడొకసారి.

ఆయన ఆలోచన ఏమిటంటే, ఆ పాత ఫోటో తీసిన మనిషి ఎక్కడ నిలబడ్డాడో సరిగ్గా అక్కడే నిలబడి ఇప్పటి ఊరిని తీయాలి. పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి ఒకే కార్డుగా అచ్చు వేసి భద్రాచలంలో అమ్మాలి.

"యాత్రకొచ్చినోళ్లు దేవుని పటం కొంటరు గని మనూరి గోడలు కొంటరా?" అన్నాను.

మా అత్తమ్మ ఇంకాస్త సూటిగా అంది. "మనుషుల్ని తీస్తే మనుషులు పైసలిస్తరు. గోడలేమిస్తయిరా నీకు?"

అన్నదే గాని ఆమె కూడా కార్డులు చూడ్డానికి వచ్చి కూచునేది. పెళ్ళయి కొత్తగా ఈ ఊరొచ్చిన రోజు పెద్ద వాన పట్టుకుంటే పెళ్ళివారందరూ బంగళా వరండాలోకి ఎక్కారట. అక్కడి వంటమనిషి పెళ్ళికూతురని ఆమె ఒక్కదానికే కుర్చీ వేశాడట. "కుర్సీ మీద కూసునుడు నాకు గదే మొదలు" అని చెప్పి నవ్వేది.

ఆదివారాలు నేనూ వెంట వెళ్ళేదాన్ని. కార్డు మీద ఆయన పెన్సిల్‌తో సన్నగా గీతలు గీసుకునేవాడు. ఈ కప్పు అంచు ఇక్కడికి రావాలి, ఈ స్తంభం ఇక్కడికి రావాలి అని. నేను కార్డు ఎత్తి పట్టుకుంటే ఆయన కెమెరాతో వెనక్కీ ముందుకూ జరిగేవాడు. బజారులో ఆ పెంకుటిళ్ళు ఒకటో రెండో మిగిలాయి. వాటికి కూడా ముందు రేకులు దింపి ఎరువుల షాపు, ఎస్టీడీ బూత్ పెట్టారు. తల దువ్వించుకున్న అరుగు ఎక్కడిదో కనుక్కోవడానికి పొద్దంతా పట్టింది. దాని మీద మురుగు కాలువ పోతోంది. అయినా ఆ ఫోటో బాగా వచ్చింది. పాత కార్డు పక్కన అతికించి చూస్తే, వెనకున్న కొండ గీత ఒక్కటే రెండింటిలోనూ అతికినట్టు కలిసింది. ఆయన సంతోషం చూసి, ఇది అమ్ముడుపోకపోయినా ఫరవాలేదనుకున్నాను.

మిగిలింది బంగళా.

అప్పటికి చాలా ఏళ్ళుగా బంగళా పోలీసు అవుట్‌పోస్టు. కమానుల మధ్య ఇసుక బస్తాలు పేర్చారు. గులాబీ మొక్కలున్న చోట ముళ్ళకంచె. కప్పు మీద తుపాకీ పట్టుకుని ఒక మనిషి ఎప్పుడూ ఉండేవాడు. అడవిలో దళాలు తిరిగే రోజులవి. ఊళ్ళో ఎవరమైనా ఆ ముందు నుంచి పోతే తలెత్తకుండా పోయేవాళ్ళం.

"అది ఒక్కటి ఇడ్సిపెట్టు" అన్నాను.

"లోపటికి పోత లేను గద. రోడ్డు ఇవతల నిలబడి తీస్త. కానిస్టేబుల్‌ను అడిగిన, తీస్కోమన్నడు" అన్నాడు.

ఆ మాట నిజమే. మా దగ్గర పాస్‌పోర్ట్ ఫోటోలు దిగే ఒక కానిస్టేబుల్ "జల్దీ తీస్కొని పో అన్న" అన్నాడు. కాని ఆదివారం దాకా ఆగకుండా మర్నాడు మధ్యాహ్నమే ఆయన వెళ్ళేసరికి ఆ కానిస్టేబుల్ డ్యూటీలో లేడు. ఆ రోజు అంగన్‌వాడీ సూపర్‌వైజరు వస్తుందని నేనూ వెంట పోలేదు.

బంగళా ప్రహరీ పక్కన ఒక కోయ ఆమె కూచుని అడవి నుంచి తెచ్చినవి అమ్మేది. వానాకాలం పుట్టగొడుగులు, ఎండాకాలం ఇప్పపువ్వు, లేనప్పుడు చీపుర్లు. నేను ఆమెను అక్కా అనేదాన్ని. ఆమె చెమటలు కక్కుకుంటూ అంగన్‌వాడీ గుమ్మంలోకి వచ్చింది.

"చెల్లే, మీ ఆయన్ను లోపటికి గుంజుకపోయిండ్రు. కెమెరా కూడ గుంజుకుండ్రు. జల్దీ రా."

పిల్లలను ఆయమ్మకు అప్పగించి పరిగెత్తాను. అత్తమ్మ నాకంటే ముందే చేరింది. గేటు దగ్గర మమ్మల్ని ఆపేశారు.

"ఇక్కడికి ఎవర్నీ తీసుకురాలేదు. వెళ్ళండమ్మా" అన్నాడు లోపలి నుంచి వచ్చిన ఎస్సై.

"నా కొడుకు చెప్పులు గవే ఉన్నయి గద సార్" అంది అత్తమ్మ, మెట్ల వైపు చూపిస్తూ.

ఆయన ఒక్క క్షణం ఆ చెప్పుల వైపు చూసి లోపలికి వెళ్ళిపోయాడు. చీకటి పడేదాకా రోడ్డు మీదే కూచున్నాం. తర్వాత ఒక జీపు బయటికి వెళ్ళింది. అందులో మా ఆయన ఉన్నాడో లేడో కనపడలేదు.

ఆ రాత్రి మా ఇంటికి ఎవరూ రాలేదు. పక్కింటివాళ్ళు దీపం ఆర్పేసుకున్నారు.

పొద్దున పోలీసులు వచ్చి స్టూడియో తెరిపించారు. పెట్టెలు పెట్టెలుగా నెగెటివ్ కవర్లు జీపులోకి ఎత్తారు. ఎన్నో ఏళ్ళవి. పెళ్ళిళ్ళు, బారసాలలు, చచ్చిపోయినవాళ్ళ ఆఖరి ఫోటోలు అన్నీ అందులోనే. నేను గోడకు ఆనుకుని చూస్తూ ఉండిపోయాను.

జీపు పోయాక జనం వచ్చారు. మా ఆయన గురించి అడగడానికి కాదు. ఎరువుల షాపతను గొంతు తగ్గించి, "మా తమ్ముని ఫోటో గూడ అండ్ల ఉన్నదా?" అన్నాడు. లోపలి గూడేల నుంచి వచ్చిన మనుషులు గుమ్మం దగ్గరే నిలబడి, రేషన్ కార్డుకు దిగిన తమ ఫోటోలు ఏమయ్యాయని అడిగారు. ఊరి మొహాలన్నీ మా దగ్గరే ఉన్నాయన్న సంగతి నాకైనా అప్పుడే తెలిసింది. కోయ అక్క కూడా వచ్చి కాసేపు నిలబడింది. ఏమీ అడగకుండానే వెళ్ళిపోయింది.

కానిస్టేబుల్ మాత్రం చాటుగా వచ్చి ఒక మాట చెప్పాడు. "కార్డు మీద గీతలున్నయక్కా. బంగళా నక్ష గీసిండు, ఎవరికో పంపుతుండు అంటున్నరు. పెద్ద సారు కాడికి తోలిండ్రు." ఫోటో తీసుకోమన్నది తనేనని అతను ఎవరికీ చెప్పలేదు. చెబితే ఉద్యోగం పోతుంది. అతని మీద నాకు కోపం రాలేదు. ఆ కాస్త మాటైనా వచ్చి చెప్పాడు.

అప్పుడు నాకు భద్రాచలం పెద్దాయన గుర్తొచ్చాడు. మర్నాడు మొదటి బస్సెక్కాను. బజారు ఫోటోను పాత కార్డుతో కలిపి అతికించిన అట్ట ఇంట్లోనే ఉండిపోయింది. అది, మిగిలిన కార్డులు సంచిలో పెట్టుకున్నాను. వంతెన మీద పోలీసులు బస్సు ఆపి సంచులు తడిమారు. నా సంచి తీసుకున్న జవాను కార్డులు తిరగేసి, పర్ణశాల బొమ్మ చూసి, దండం పెట్టుకుని తిరిగిచ్చాడు.

పెద్దాయన అంతా విని, అప్పుడే వచ్చిన కాఫీ కూడా ముట్టకుండా లేచాడు. కొడుకు వద్దన్నాడు. "పోలీసుల గొడవ మనకెందుకు నాన్నా?"

"కార్డులు ఇచ్చింది నేను కదరా. ఆ మాట నేనే వెళ్ళి చెప్పాలి. పదమ్మా" అన్నాడాయన.

పెద్ద ఆఫీసరు ఉండే ఊరు చేరేసరికి ఎండ బాగా ఎక్కింది. చాలాసేపు బయట కూచోబెట్టారు. పెద్దాయన కండువాతో విసురుకుంటూ, తన తండ్రి ఆ కార్డులకు ఫోటోలు తీయడానికి రాజమండ్రి నుంచి మనిషిని పిలిపించిన సంగతి చెబుతూ ఉన్నాడు. నాకు ఒక్క ముక్క చెవికెక్కలేదు.

లోపల ఆఫీసరు బల్ల మీద బంగళా కార్డు ఉంది.

"ఈ గీతలెందుకు?" అన్నాడు నన్ను చూసి.

"ఫోటో పక్కకు పోకుండ గీసుకున్నడు సార్. గిదిగో, బజారు కార్డు మీద గూడ గట్లనే గీసిండు." అట్ట తీసి ఆయన ముందు పెట్టాను.

పెద్దాయన తన దుకాణం పేరు అచ్చయి ఉన్న కార్డు వెనక్కి తిప్పి చూపించాడు. "ఇవి మా నాన్నగారు అచ్చు వేయించినవండి. నేనే చిన్నప్పుడు గుడి మెట్ల మీద అమ్మేవాణ్ణి."

ఆఫీసరు కార్డులు ఒక్కొక్కటీ చూశాడు. బంగళా కార్డు మళ్ళీ చేతిలోకి తీసుకుని, "ఇక్కడ గులాబీ తోట ఉండేదా?" అన్నాడు. తనలో తాను అనుకున్నట్టు. ఆ మాటతో నాకు ఏడుపు ఆగలేదు.

సాయంత్రానికి మా ఆయన్ను వదిలారు. బంగళా కార్డు ఇవ్వలేదు. కెమెరా ఇచ్చారు, అందులో రీలు లేదు.

"కొట్టిండ్రా?" అన్నాను బస్టాండులో.

"లే" అన్నాడు, నేను అడగడం పూర్తికాకముందే. బస్సులో సీటు ఖాళీ ఉన్నా ఊరొచ్చేదాకా నిలబడే ఉన్నాడు.

నెగెటివ్‌లు కొన్ని వారాల తర్వాత గోనె సంచుల్లో తిరిగొచ్చాయి. కవర్లు వేరు, లోపలివి వేరు అయిపోయాయి. ఆయన దీపం ముందు పట్టుకుని ఒక్కొక్కటీ సర్దడం మొదలుపెట్టాడు. కొన్ని తగ్గాయి. అందులో కోయ అక్క కూతురిది ఒకటి.

ఆ పిల్ల ఆశ్రమ పాఠశాలలో పదో తరగతి చదువుతున్నప్పుడు హాల్ టికెట్ కోసం మా దగ్గరే ఫోటో దిగింది. స్టూలు మీద కూచోగానే నవ్వు. "హాల్ టికెట్‌కు నవ్వొద్దు బిడ్డా" అని ఆయన ఎన్నిసార్లు చెప్పినా పెదాలు బిగబట్టి లోపల నవ్వుతూనే ఉంది. పరీక్షలయ్యాక ఆ పిల్ల అడవిలోకి, దళంలోకి పోయిందని ఊళ్ళో గుసగుసలాడుకున్నారు. తల్లి ఆ సంగతి ఎన్నడూ ఎత్తలేదు, మేమూ అడగలేదు.

ఒక పొద్దున షట్టర్ పైకి లేపి ఆయన అలాగే నిలబడిపోయాడు. ఎదురుగా బస్టాండు గోడ మీద కొత్త పోస్టరు అంటించారు. వరుసగా మొహాలు. ఒక మూల ఆ పిల్ల. వెనక మా నీలం పరదా మడత కూడా తెలుస్తోంది. నవ్వు ఆపుకుంటున్న మొహం కింద ఆచూకీ చెప్పినవారికి బహుమతి అని రాసి ఉంది.

ఆ తర్వాత కోయ అక్కను అవుట్‌పోస్టులోకి పిలవడం మొదలైంది. పొద్దున పిలిచి సాయంత్రం దాకా వరండాలో కూచోబెట్టేవాళ్ళు. బయట ఆమె బుట్ట అలాగే ఉండేది. పుట్టగొడుగులు వాడిపోయేవి.

ఒక రోజు ఆమె నన్ను బస్టాండు గోడ దగ్గరికి తీసుకుపోయింది.

"నాకు సదువు రాదు చెల్లే. ఏం రాసిండ్రు?"

చదివాను. పేరు, ఊరు, తండ్రి పేరు. బహుమతి సంగతి నోటికి రాలేదు.

ఆమె దగ్గరికి జరిగి చూసింది. "మా పిల్ల గింత తెల్లగుండదు" అంది. తర్వాత, "దాని ఫోటో నా కాడ ఒక్కటి గూడ లేదు. మీ ఆయన్ను ఒకటి కడిగి ఇయ్యమంటవా?" అని అడిగింది.

ఆ నెగెటివ్ లేదని ఆయన ఆమెకు చెప్పలేకపోయాడు. రెండు రోజులాగి రమ్మని చెప్పి సంచులన్నీ మళ్ళీ వెతికాడు. చివరికి ఆశ్రమ పాఠశాల గ్రూపు ఫోటో దొరికింది. మూడో వరుసలో, ఎవరి భుజం వెనకో ఆ పిల్ల మొహం సగానికి పైగా కనపడుతోంది. దాన్ని పెద్దది చేశాడు. మొహమంతా ఇసుక చల్లినట్టు గరుగ్గా వచ్చింది. మళ్ళీ కడిగాడు, మళ్ళీ అలాగే వచ్చింది.

"నేను ఆ బంగళా దిక్కు పోకుంటే వాళ్లకు ఈ పిల్ల మొహం దొరకకపోవు" అన్నాడు చీకటి గదిలోంచి.

బడిలో హాల్ టికెట్ కాపీ ఉంటుంది, వాళ్ళైనా ఇచ్చి ఉండేవారు అన్నాను. అది నిజమో కాదో నాకు తెలియదు. ఆయన బయటికి రాలేదు.

ఆమె ఫోటో తీసుకుని, ప్లాస్టిక్ కవరులో చుట్టి ఒడిలో కట్టుకుంది. మా మీద కోపం లేదని చెబుతుందేమోనని ఎదురుచూశాను. ఆమె అలాంటిదేమీ అనలేదు. కొన్నాళ్ళకు ప్రహరీ పక్కన కూచోవడం మానేసింది. గూడెం విడిచి ఎటో పోయారన్నారు.

మా ఆయన మళ్ళీ ఊరి ఫోటోలు తీయలేదు. మనుషులవి తీసేవాడు గాని, తీసి ఇచ్చిన వెంటనే నెగెటివ్ కూడా వాళ్ళ చేతిలోనే పెట్టి "ఇంట్ల దాసుకోండి" అనేవాడు. స్టూడియో ఎక్కువ కాలం నడవలేదు. పాల్వంచలో ఒక కలర్ ల్యాబులో పని దొరికితే అక్కడికి మారిపోయాం. థర్మల్ ప్లాంటు పొగగొట్టాలు కనపడే చోట కిరాయి ఇల్లు. అత్తమ్మకు ఆ ఊరు పడలేదు. అక్కడే పోయింది.

బంగళాను కూలగొట్టిన సంగతి బస్సులో ఎవరో మాట్లాడుకుంటుంటే విన్నాం. పోలీసులకు వేరే చోట కొత్త బిల్డింగు కట్టారట. రోడ్డు వెడల్పు చేస్తూ కమానులను పొక్లెయిన్‌తో ఒక్క పూటలో తోసేశారట. పాత ఫోటో ఏమైనా ఉందా అని ఊరివాళ్ళు ఒకరిద్దరు ఆయనకు ఫోన్ చేశారు. లేదన్నాడు.

ఆ తర్వాతి సంవత్సరం చండ్రుగొండలో చుట్టాల పెళ్ళికి పోయి వస్తూ సంతలో ఆగాం. కూరగాయల వరుస చివర కోయ అక్క కనిపించింది. జుట్టు బాగా నెరిసింది. పక్కన ఒక యువతి చింతచిగురు కుప్పలు పోస్తోంది. మెడ మీద కాలిన మచ్చ, ఒక చెయ్యి పూర్తిగా చాపలేకపోతోంది. మొహం చూడగానే ఆ పిల్లేనని నాకు తెలిసిపోయింది. లొంగిపోయి వచ్చినవాళ్ళ గురించి వినేవాళ్ళం, ఈమె ఎట్లా వచ్చిందో మాత్రం తెలియదు.

"మంచిగున్నవా చెల్లే?" అంది అక్క. అత్తమ్మ గురించి అడిగింది. పోయిందని చెబితే నాలుక చప్పరించింది. కూతురి గురించి తనూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

వెనక నుంచి మా ఆయన సంచితో వచ్చాడు. ఆ యువతిని చూసి ఆగిపోయాడు. ఆమె తలెత్తి ఆయన్ను చూసింది. గుర్తుపట్టిందనే నా నమ్మకం. చిగురు తూచి మా సంచిలో పోసి, ఇంకో గుప్పెడు కొసరు వేసింది.

"మొగులైతంది. జల్దీ పోండ్రి, బస్సు దొరకదు" అంది.

ఆయన తలూపాడు. మేము రోడ్డెక్కేసరికి వాన మొదలైంది. తిరిగి చూస్తే తల్లీకూతుళ్ళిద్దరూ బుట్టల మీద పట్టా కప్పి, దాని అంచులు చెరో వైపు పట్టుకుని కూచున్నారు.